గుంట మగ్గమునుండి సూరతు మరమగ్గము వరకు

ఆంగ్ల వర్తకులు 1611లో మన మచిలీపట్టణమునందును, మరి రెండేండ్లకు జహంగీరు పాదుషా ఫర్మానా బడసి తపతీతీరమందలి సూరతునందును కొఠీలు నెలకొల్పుకొన్నది మొదలుకొని, ఈ రెండు రేవుపట్టణముల చరిత్రయు వస్త్రవాణిజ్య చరిత్రగానే వ్రాయబడుచు వచ్చినది. మక్కాయాత్రికులను మోసికొనిపోయిన సూరతు ఓడలు, అచటి కింఖాబులపై మెరసిన జరీ, 1664లో శివాజీ దండెత్తివచ్చి కొల్లగొన్న షరాబుల ధనరాసులు, పిదప బొంబాయి పెరిగినకొలది సూరతు వన్నె తగ్గుట, ఇవన్నియు గ్రంథస్థములైనవి. ఆ బట్టను నేసినవాని నడుమును గూర్చియు, మోకాళ్ళను గూర్చియు, భుజములను గూర్చియు వ్రాసినవారు మాత్రము మిక్కిలి అరుదు. పరిశ్రమ చరిత్రలో సగము కార్మికుని కీళ్ళలో వ్రాయబడియుండునని నేను నమ్ముదును.

సూరతులోని లింబాయత్, ఉధ్నా ప్రాంతముల వీధులలో నడచువానికి తెలుగు మాట వినబడకపోదు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి తరలివచ్చిన పద్మశాలీలు అచట కాపురముండి, మార్కండేయుని కొలుచుచు, ఏటేట బతుకమ్మ నాడుచున్నారు. వారి బిడ్డలకై నగరపాలకసంస్థ తెలుగు బడులను సైతము నడుపుచున్నది. ఈ వలసకు సూరతు మొదటి మజిలీ కాదు. పంతొమ్మిదవ శతాబ్దమునందే తెలంగాణపు నేతగాండ్రు షోలాపురమునకును బొంబాయికిని, తరువాత భీవండికిని పోయిరి. 1982 జనవరిలో బొంబాయి మిల్లులలో మహాసమ్మె ఆరంభమై, మిల్లులు ఒక్కొక్కటే మూతబడగా, నేతపని భీవండి, సూరతుల మరమగ్గపు కొట్టములకు మరలినది. కృత్రిమ పట్టునకును, పిమ్మట పాలిస్టరు చీరెలకును సూరతు దేశమంతటికి పుట్టినిల్లైనది. ఒడిశాలోని గంజామునుండి వచ్చిన వేలాది శ్రామికుల ప్రక్కన మన సాలెవాడు నిలిచెను.

వీని తాత పనిచేసినది గుంట మగ్గముమీద. నేలలో గుంట త్రవ్వి, దాని యంచున కూర్చుండి, కాళ్ళు లోనికి జార్చి, తొక్కుడుచెక్కలను ఒకదాని వెంట నొకటి త్రొక్కుచు, ఒక చేత విసరిన నాడెను రెండవ చేత నందుకొని, పలకను తనవైపునకు లాగి పేకను బిగించుట ఆ పని. పోగు పోగునకు తొంటి, మోకాలు, చీలమండ, భుజము, మోచేయి, మణికట్టు అన్నియు కదలవలసినదే. ఇంగ్లండున జాన్ కే 1733లో కల్పించిన తాడు నాడె మన పల్లెలకు వ్యాపించిన పిమ్మట చేతులకు విసరుపని తగ్గినదేకాని, కాళ్ళ పని అట్లే నిలిచినది. గుంట మగ్గము సుఖాసనమని నే ననబోను. వీపునకు ఆనిక లేక వంగి కూర్చుండుటచే నడుము కుంగెడిది. గట్టి చెక్కపై గంటలకొలది కూర్చున్నవానికి పిరుదు ఎముకల క్రిందనుండు ద్రవపుతిత్తి వాచెడిది. ఆంగ్ల వైద్యులు ఈ వ్యాధికి నేతగాని పేరే పెట్టిరి. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లో వృత్తిరోగములపై ప్రకటించిన గ్రంథమున, చేతులు, కాళ్ళు, వీపు అన్నింటికిని ఒక్కసారే శ్రమ కలిగించు పనిగా నేతను వర్ణించెను.

అయినను ఆ శ్రమలో నొక రక్ష యుండెను. దానిని గ్రహించుటకు కీలు ఎట్లు బ్రదుకునో తెలియవలెను. మన సుశ్రుతుడు శరీరమున 210 సంధులను, 500 పేశులను లెక్కించి, సంధులను చలించునవి, స్థిరమైనవి యని విభజించెను. చలించు సంధిలో రెండెముకల కొనలను నునుపైన మృదులాస్థి కప్పియుండును. ఈ మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలునందలి జిగురుద్రవమునుండియే దానికి పోషణము. బరువు పడినపుడు అణగి, బరువు తొలగినపుడు ఉబ్బుచు అది ద్రవమును పీల్చుకొనును. వెన్నుపూసల నడుమనుండు బిళ్ళలకును ఇంచుమించు ఇదే స్థితి. కనుక కీలునకు కదలికయే యాహారము. కండరమునకును అంతే. కండరము లాగగలదేకాని నెట్టలేదు. మోచేతిని ముడుచుటకు ఒకటి, చాచుటకు దాని కెదురుగా మరియొకటి యున్నవి. ఒకటి ముడుచుకొని రెండవది సడలుచుండగా రక్తము వచ్చిపోవుచుండును. పిక్క కండరములు కాళ్ళలోని రక్తమును పైకి త్రోయునదియు ఈ విధముననే. బిగిసినది బిగిసినట్లే యుండిన కండరము తన రక్తనాళములను తానే నొక్కుకొని అలసిపోవును. గుంటలో పాదములాడించిన తాతకు పిక్కలు నిరంతరము పనిచేయుచునే యుండెను.

మరమగ్గము ఈ కదలికను యంత్రమునకు ఒప్పగించి, మనిషికి నిలుచుండుటను మిగిల్చినది. ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1785లో పేటెంటు పొందిన యంత్రపు సంతతియే యిది. నిమిషమునకు నూరుమార్లకు పైగా నాడె దూకు మగ్గములు రెండు వరుసలుగా పెట్టి, నడుమ సందులో ఒక్కడిని నిలిపి, నాలుగో, ఆరో, ఎనిమిదో మగ్గములను వానికప్పగింతురు. కండె అయిపోయినపుడు మగ్గ మాగును. అతడు వంగి, నాడెను వెలికిదీసి, ఖాళీకండె పెరికి నిండుకండె దొడిగి, నూలుకొనను నాడె కంటిలోనుండి లాగి, మరల దానిని యథాస్థానమున నుంచి, మీట లాగును. పడుగుపోగు తెగినచో పని ఇంకను కష్టము. మగ్గపు ముందుదూలముపై నడుమువరకు వాలి, రెండు చేతులు ముందుకు చాచి, వేలాది పోగులలో తెగినదానిని వెదకి, ముడివేసి, అచ్చులోనుండి కొక్కెముతో లాగవలెను. చేతిలో నున్నది వెండ్రుకవంటి పోగే. కాని ముందుకు వాలిన మొండెము బరువునంతయు వెన్నెముక వెనుకనున్న కండరములే ఆపవలెను. ఆ కండరములకును వెన్నుబిళ్ళ మధ్యమునకును గల దూరము సుమారు రెండంగుళములే. మొండెపు బరువు అడుగునకు పైబడిన దూరమున వ్రేలాడుచుండును. తక్కెడలో దండె పొట్టియైనవైపు ఎక్కువ రాయి వేయవలసినట్లే ఆ కండరములు మోయుబరువునకు అనేకరెట్లు లాగవలెను, ఆ లాగుడంతయు బిళ్ళలపై నొత్తిడియై పడును. వరికట్ట ఎత్తనివాడు సైతము నడుము పట్టినదని కూలబడుటకు ఇదియే కారణము.

ఇట్టిపని పండ్రెండుగంటల పాళీ. పగటివాడు రాత్రివానికి మగ్గము నప్పగించి పోవును. మగ్గము మాత్రము చల్లారదు. కాంక్రీటు నేలపై నిలిచిన పాదములకు మడమ నొప్పి, పిక్కలలో ఉబ్బిన నీలినరములు, మోకాటి మృదులాస్థి అరుగుదల, మెడ, భుజముల బిగువు ఒకదానివెంట నొకటి వచ్చును. గజము లెక్కన కూలి గనుక, మగ్గమాగిన ప్రతి నిమిషము వాని జేబునుండి పోయినట్లే.

శరీరమునకు తగినట్లు యంత్రమును మార్చుట అసాధ్యమా యనువారికి ఆలేరు దగ్గరి శార్జీపేట సమాధానము. పోచంపల్లి చీరెకు ఆసు పోయుటలో, అర్ధవృత్తాకారముగా నమర్చిన మేకుల చుట్టు నూలును త్రిప్పుచు, ఒక్క చీరెకే చేతిని సుమారు 9,000 సార్లు ఆడించవలెను. భుజపు గిన్నె లోతు తక్కువ. దానిని పట్టియుంచునవి నాలుగు చిన్న కండరములు. చేయి యెత్తినప్పుడెల్ల వాని స్నాయువు భుజాగ్రపు టెముక క్రింద నొరసికొనును. తల్లి లక్ష్మి ఈ పనితో భుజము నొచ్చి బాధపడుట చూచి, చిన్నతనముననే బడి మానిన చింతకింది మల్లేశము 1999లో ఆసు యంత్రమును సిద్ధపరచి, దానికి తల్లిపేరే పెట్టెను. అతనికి 2017లో పద్మశ్రీ లభించినది. నేతయంత్రముల చరిత్రలో వేగము కొరకు, లాభము కొరకు పుట్టినవే యెక్కువ. ఒక భుజము కొరకు పుట్టిన యంత్రమిది.

సూరతు కొట్టములకు అంతటి నూతనకల్పన కూడ నక్కరలేదు. నిలిచి పనిచేయువారికి అవకాశము దొరికినప్పుడు కూర్చుండి సేదదీరుటకు తగిన యేర్పాటు చేయవలెనని 1948 ఫ్యాక్టరీల చట్టపు 44వ విభాగము శాసించియుండెను. పెద్దవారి పని దినమునకు తొమ్మిది గంటలు మించరాదని అదే చట్టము నిర్ణయించియుండెను. ఒకే కొట్టమును కాగితములపై ముక్కలుచేసి చిన్న సంస్థలుగా చూపుటచేత ఈ శాసనము చాలచోట్ల గడపదాటి లోనికి రాలేదు. సూరతునందలి తెలుగు సంఘముల పెద్దలకు నా మనవి యిది: గుడులు కట్టించిన చేతులతోనే మగ్గమగ్గమునకు నొక ఎత్తుపీటను వేయించుడు, పండ్రెండుగంటల పాళీని ఎనిమిదికి దింపుమని యజమానులను గట్టిగా అడుగుడు.