నాణెంపై కలిమా - నకిలీకి చరిత్రే గీటురాయి

విజయవాడలోని భవానీపురం కృష్ణానది ఒడ్డున వెలసిన పేట. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ నుండి మచిలీపట్నం రేవుకు సాగిన బాట ఈ బెజవాడ మీదుగానే పోయేది. వజ్రాలు, అద్దకం బట్టలు, వాటి వెంట నాణేలు ఈ దారినే నడిచాయి. అందుచేత ఈ ప్రాంతంలో ఎవరైనా పాత వెండి రూపాయి చూపి, పునాది తవ్వుతుంటే దొరికిందంటే నమ్మబుద్ధి వేస్తుంది. దానిపై పవిత్ర కలిమా కనిపిస్తే ముస్లిం గృహస్థు బేరమాడడానికి కూడా జంకుతాడు. నకిలీ నాణేలు అమ్మేవాడికి ఆ భక్తే పెట్టుబడి.

ఈ మోసానికి మొదటి గీటురాయి చరిత్ర. అక్బర్ తొలి పాలనలోను, షాజహాన్ కాలంలోను మొగలు నాణేలపై కలిమా ఉండేది. ఔరంగజేబు గద్దెనెక్కాక దానిని మాన్పించాడు. నాణెం అందరి చేతులలో నలుగుతుంది, కాళ్ళ కింద పడుతుంది. పవిత్ర వాక్యానికి ఆ అపచారం జరగరాదన్నది ఆయన ఉద్దేశం. ఇక మచిలీపట్నం మొగలుల వశమైనది గోల్కొండ పతనం తరువాత, అంటే 1687లో (హిజ్రీ 1098). కనుక ఔరంగజేబు పేరు, మచిలీపట్నం టంకశాల పేరు, కలిమా - ఈ మూడూ ఒకే రూపాయిపై కలిసి కనిపిస్తే ఆ నాణెం తన అబద్ధాన్ని తానే చెప్పుకుంటున్నదన్న మాట. ఆయన నాణేలపై ఉండే ఫార్సీ పద్యం కూడా ఒక సాక్షి. అందులో వెండి నాణేన్ని సాధారణంగా పున్నమి చంద్రునితో, బంగారు మొహరును సూర్యునితో పోల్చారు. మొహరు పేరిట అమ్మజూపిన నాణెంపై చంద్రుడుంటే బంగారు పూతను అనుమానించాలి.

రెండవ గీటురాయి తయారీ విధానం. ఆనాటి రూపాయిని పోత పోయలేదు. వెండి బిళ్ళను అచ్చుల నడుమ పెట్టి సుత్తితో కొట్టారు. అచ్చు బిళ్ళకంటె పెద్దది కావడంతో అక్షరాలన్నీ పడేవి కావు. పోత నాణెంలో అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి; సన్నని గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తాయి. ఒకే వంకర, ఒకే లోపం ఉన్న రెండు నాణేలు కనబడితే రెండూ ఒకే మూసలో పుట్టినవే. ఔరంగజేబు రూపాయి తూకం సుమారు 11.5 గ్రాములు. దారంతో కట్టి నీటిలో వేలాడదీసి తూచితే మేలిమి వెండి సుమారు 1.1 గ్రాములు తగ్గుతుంది. అదే తూకం గల ఇత్తడి అంతకంటె ఎక్కువ తగ్గుతుంది. అయస్కాంతానికి అంటుకోలేదన్నది మాత్రం రుజువు కాదు; ఇత్తడి కూడా అంటుకోదు. చింతపండుతో తోమితే పరీక్షకు పనికివచ్చే పాత మెరుగు పోతుంది.

అమ్మేవాని కథను కూడా పరీక్షించాలి. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిక్షేపాన్ని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం విధించింది. కనుక 'తవ్వకంలో దొరికింది, రహస్యంగా ఉంచండి' అన్న మాట అబద్ధమైతే మోసం, నిజమైతే నేరం. రెండు విధాలా కొనదగినది కాదు.

ధాన్యపు రాశిలో చేయి పెట్టి, పైన పొడిగా ఉన్న గింజల కింద తడిని బయటపెట్టిన దైవప్రవక్త (స) ఉదంతం ప్రసిద్ధమే. సరుకులోని లోపాన్ని దాచిన వర్తకుణ్ణి ఆయన మందలించారు. కలిమాను గౌరవించడం వేరు, కలిమాను ఎర వేసేవానికి లొంగడం వేరు. నాణేన్ని తిప్పి చూడడం, తూచడం, రాజు పేరును సంవత్సరంతో సరిపోల్చడం అవిశ్వాసం కాదు; రాశిలో చేయి పెట్టి చూడడమే.