ఎడ్లబండి నెక్కిన రామాయణము

చిత్రప్రదర్శన మనగానే చలువరాతి భవనమును, ద్వారమున కావలివాడును, చేతులు వెనుకకు గట్టుకొని మెల్లగా నడచు పెద్దమనుష్యులును మనకు దోచుదురు. నేను చెప్పబోవునది యట్టిది కాదు. అది హైదరాబాదున బుట్టి, ఎడ్లబండ్ల నెక్కి, చుట్టుపట్ల పల్లెలకు బోయినది. చిత్రకారులు మక్బూల్ ఫిదా హుసేనుగారు, విషయము శ్రీమద్రామాయణము.

హుసేనుగారు 1915లో పండరీపురమున జన్మించిరి. యౌవనమున బొంబాయిలో సినిమా ప్రకటనల పెద్దబొమ్మలు వ్రాసి పొట్టపోసికొనిరి. 1947లో నేర్పడిన ప్రగతిశీల చిత్రకారుల సంఘమున జేరి పేరుగాంచిరి. తరువాత ధనవంతులు వారి చిత్రములను గొని తమ గదులలో వ్రేలాడదీసికొనజొచ్చిరి. అట్టి సమయమున రామమనోహర లోహియాగారు, మీ బొమ్మలు టాటా బిర్లాల గదులకేనా, ఈ దేశప్రజలు వేలయేండ్లుగా చెప్పుకొనుచున్న రామాయణమును వ్రాయరాదా యని వారిని బ్రేరేపించిరి. లోహియాగారు 1967లో గతించిరి; ఆ మాట మాత్రము హుసేనుగారిని విడువలేదు.

లోహియాగారి యనుచరులును, 'కల్పన' యను హిందీ పత్రికను మన నగరమునుండి నడపినవారును నగు బద్రీ విశాల్ పిత్తిగారు వారికి బట్టయు, కుంచెలును, రంగులును సమకూర్చిరి. హుసేనుగారు వెల యడుగలేదు. వాల్మీకిని, తులసీదాసును జదివి, కాశీనుండి పండితులను రావించి సందేహములు దీర్చుకొని, ఇంచుమించు ఎనిమిదేండ్లలో 150 చిత్రములు వ్రాసితి నని వారే చెప్పియున్నారు. ఉపాధ్యాయవృత్తిలో తలనెరసిన నాకు ఈ యంశము మిక్కిలి ప్రీతికరము. ఎందరు పుత్రసమానులగు శిష్యులు రామాయణమును జదువకయే దానిపై వాదమున కెక్కలేదు!

ఆ చిత్రములను బండ్లపై గొనిపోయి పల్లెలలో బరచిరి. జనులు గుమిగూడి చూచిరి. పట్టణములో నైనచో కన్ను లేవీ, ఇతడు రాముడని యెట్లు తెలియును అని యడుగుదురు. పల్లెలో నొక్కరైన నట్లడుగలేదని హుసేనుగారు పలుమారు చెప్పుకొనిరి. వారి మూర్తులకు ముఖమున్నను, కన్నులు ముక్కు తరచుగా నుండవు.

దీనికి గారణము నాకు దోచినంత విన్నవించెదను. మన తెలంగాణమున చెర్యాల నకాషీలు వ్రాసిన పటము నెదుట బెట్టుకొని, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయపురాణము చెప్పుట మీరెరుగనిది కాదు. అచట బొమ్మ కథకు దోడు. కథ తెలిసినవానికి గుర్తు చాలును. మరియు పీర్ల పండుగను దలంపుడు. పీరునకు కన్నులున్నవా? వెండిరేకు, పట్టుగుడ్డ, నెమలికుంచె. అయినను ఏ పీరు ఎవరిదో పల్లెపిల్లవానికి గూడ దెలియును. మా పాతబస్తీలో దబీర్‌పురా నుండి బీబీకా అలము ఏనుగుపై వెడలునపుడు వీధులలో నిలుచు వేలాది జనులు చూచునదియు ముఖము కాదు. బాల్యమున మొహర్రము ఊరేగింపులలో జూచిన దుల్‌దుల్ గుఱ్ఱమే తమ చిత్రములలోని గుఱ్ఱములకు మూలమని హుసేనుగారు చెప్పిరి.

అయోధ్యారాముడు గులాబిరంగు బుగ్గలతో నుండవలెనను నియమము పురాణకాలపుది కాదు. 1894లో రవివర్మగారు బొంబాయిలో అచ్చుయంత్రము స్థాపించిన పిమ్మట, ఆ పటములు గోడగోడకు వ్యాపించి మనకట్టి యలవాటు నేర్పినవి. మూసీ యొడ్డున దారుల్‌షిఫాలోని సాలార్జంగు మ్యూజియములో వారి మూలచిత్రములు చూడనగును, చక్కని పని. కాని విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము, ఆచార్యులు మెచ్చునది రేఖ యనియు, రంగుల నిండుదనమును మెచ్చువారు సామాన్యజను లనియు జెప్పుచున్నది. హుసేనుగారి బలమంతయు రేఖలోనే యున్నది.

తరువాతికథ కఠినమైనది. వారు పూర్వము వ్రాసిన కొన్ని దేవతాచిత్రములు నగ్నముగా నున్నవని 1996 మొదలు వ్యాజ్యములును, దౌర్జన్యములును జరిగినవి. 2006లో వారు దేశము విడిచిరి. 2008లో ఢిల్లీ హైకోర్టు తన యెదుటకు వచ్చిన వ్యాజ్యములను గొట్టివేసినను వారు మరలి రాలేదు. 2010లో కతారు పౌరసత్వము స్వీకరించి, 2011 జూనులో లండనులో మరణించిరి. ఆ గీతలలో గొన్ని నాకును రుచింపవు. సరస్వతిని నేను ధ్యానించు రూపము వేరు. రుచింపనిదానిని రుచింపదని పలుకుటకు నోరు చాలును. తొంబదియేండ్ల ముదుసలిని పరదేశమున మరణింపజేయ నక్కరలేదు.

ఆ బండ్లు మీ యూరికి వచ్చియుండవచ్చును. నాడు పదియేండ్ల బాలురకు నేడు అరువదియైదు దాటియుండును. చూచినవా రెవరైన నున్నచో, ఏ ఘట్టము వ్రాయబడియున్నదో, రచ్చకట్టకడ నెవ రేమనిరో మనుమలచేత వ్రాయించి యుంచుడు.