జలిప్యె గోడలు: ఆధారాలు ఎంతవరకు చెబుతాయి?

దక్షిణ పోలండ్‌లో టార్నూవ్ నగరానికి వాయవ్యంగా, సుమారు 30 కిలోమీటర్ల దూరంలో జలిప్యె అనే చిన్న పల్లె ఉంది. ఇళ్ల గోడలకు, బావులకు, కుక్కల గూళ్లకు కూడా అక్కడి ఆడవాళ్లు రంగుల పూలు వేస్తారు. ఇది తరతరాల ఆచారమని ఒక్క మాటతో తేల్చేయడం మామూలైపోయింది. ఆధారాలు ముందు పెట్టుకుని చూస్తే మాత్రం ఆ మాట కాస్త ఆచితూచి అనాలి.

పుట్టుక గురించి ఎక్కువగా వినిపించే వివరణ ఇది. పూర్వం ఆ ఇళ్లకు పొగగొట్టాలు లేవు. పొయ్యి పొగంతా గదిలోనే తిరిగి గోడలు మసిబారేవి. ఆ నల్లటి గోడ మీద ఆడవాళ్లు సున్నంతో తెల్లని మచ్చలు అద్దేవారు. 19వ శతాబ్దం చివరికి పొగగొట్టాలు వచ్చాయి, వెల్ల వేసిన గోడ తెల్లగా నిలిచింది, దాని మీద రంగు పూలకు చోటు దొరికింది. ఇది నమ్మదగిన వరసే. కానీ గోడే సాక్ష్యం చెప్పలేదు, ఎందుకంటే మళ్లీ మళ్లీ వేసే సున్నం కింద పాత బొమ్మ మరుగునపడుతుంది. కనుక తొలి దశకు మనకు మిగిలే ఆధారాలు మనుషుల జ్ఞాపకాలు, 20వ శతాబ్దం తొలినాళ్ల నుంచి జానపద పరిశోధకులు రాసిపెట్టిన సంగతులు. వాటిని బట్టి చూస్తే ఈ అలవాటు జలిప్యెది మాత్రమే కాదు, విస్తులా నదికి దక్షిణాన దొంబ్రోవా ప్రాంతంలోని మరికొన్ని ఊళ్లలోనూ ఉండేది.

మరి పేరు ఈ ఊరికే ఎందుకు నిలిచింది? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. జవాబు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కాలంలో వెతకాలి. 1948లో ఇక్కడ 'రంగుల ఇల్లు' పోటీ మొదలైంది. ఇప్పుడది కార్పస్ క్రిస్టి పండుగ తర్వాతి వారాంతంలో జరుగుతుంది. ఊరి పేరును బయటి లోకానికి చాటిన చిత్రకారిణి ఫెలీత్సియా త్సురివోవా (1904–1974) ఇల్లు ఆమె పోయాక టార్నూవ్ జిల్లా మ్యూజియానికి శాఖ అయింది. 1970ల చివర్లో చిత్రకారిణుల కోసం ఒక భవనం కూడా వెలిసింది.

20వ శతాబ్దంలో ఊరి చుట్టూ పాలనా గీతలు కూడా పదేపదే మారాయి. 1918 దాకా ఇది ఆస్ట్రియా పాలనలోని గలీషియా. 1954లో గ్మీనాలను, అంటే మన మండలాల వంటి పాలనా విభాగాలను, రద్దు చేసి 1973లో మళ్లీ తెచ్చారు. 1975లో జిల్లాలను ఎత్తేసి రాష్ట్రాలను 49 చేశారు. అప్పుడు ఈ ఊరు టార్నూవ్ రాష్ట్రంలోకి వెళ్లింది. 1999లో రాష్ట్రాలు 16కి తగ్గాయి, జిల్లాలు తిరిగొచ్చాయి. నేడు జలిప్యె ఒలెస్నో గ్మీనాలో, దొంబ్రోవా జిల్లాలో, మావొపొల్స్కా రాష్ట్రంలో ఉంది. గ్రామసభ ఎన్నుకున్న సోవ్టిస్ ఊరికి పెద్ద. ఈ మార్పులు తెలియనివారు 1975–1998 నాటి జిల్లా కాగితాల కోసం వెతికితే దొరకవు, ఆ కాలంలో జిల్లాయే లేదు.

ఇన్ని మార్పుల మధ్యా పోటీ మాత్రం నిలబడింది. అందుకే 1948 తర్వాతి శైలి చరిత్రకు దాని రికార్డులను ముఖ్యమైన ఆధారంగా తీసుకోవాలి. అయితే బహుమతి ఉన్నచోట బహుమతికి తగ్గట్టు వేయడమూ ఉంటుంది. పోటీ ఆచారాన్ని కాపాడిందా, కొత్తగా మలిచిందా అనేది తేలాలంటే యుద్ధానికి ముందటి నమూనాలను, పోటీ గోడల ఫోటోలను పక్కపక్కన పెట్టి పూవు పూవునా పోల్చాలి. అంతవరకు ఇవాళ్టి గోడను చూపి 19వ శతాబ్దపు గోడ ఇలాగే ఉండేదని అనకూడదు.