సర్కసు డేరా వెనక



సర్కసు చూడనివారు మనలో బహుశా వుండరు. మైపాడు దగ్గర సముద్రపొడ్డు పల్లెలో పుట్టిన నేను కూడా చిన్నప్పుడు బస్సెక్కి నెల్లూరు వెళ్లి చూశాను. సింహం నోరు తెరిచేసరికి మా తమ్ముడు నా వొళ్లో తల దాచుకున్నాడు. ఇంటికొచ్చాక నెల రోజులపాటు అవే కబుర్లు! అంతేగానీ, అంత పెద్ద డేరా ఎవరు పాతారు, ఆ ఏనుగుకి నీళ్లు ఎవరు మోశారు అని ఒక్కనాడైనా ఆలోచించానా? లేదు. ఇన్నేళ్లకి ఒక నవల చదివాక ఆ ఆలోచన వచ్చింది.

ఆ నవల పేరు ‘వాటర్ ఫర్ ఎలిఫెంట్స్’. శారా గ్రూయెన్ అనే రచయిత్రి రాశారు. 2006లో అచ్చయింది, 2011లో సినిమాగా కూడా వచ్చింది. నా ఇంగ్లీషు మెట్రిక్ ఇంగ్లీషే కనుక డిక్షనరీ పక్కన పెట్టుకుని, వంటపని అయ్యాక రోజుకి నాలుగైదు పేజీల చొప్పున చదివాను.

కథ 1931లో జరుగుతుంది. అమెరికాలో బ్యాంకులు మూతపడి, పనులు లేక, జనం రొట్టెముక్క కోసం వరసల్లో నిలబడ్డ రోజులవి. జేకబ్ పశువుల డాక్టరు చదువుతున్న కుర్రాడు. తల్లీతండ్రీ కారు ప్రమాదంలో పోతారు. తండ్రి ఇల్లు తాకట్టు పెట్టి కొడుకుని చదివించాడు, ఆ ఇల్లు కాస్తా బ్యాంకు పాలవుతుంది. దిక్కుతోచక రాత్రివేళ ఒక రైలెక్కేస్తాడు. తీరా చూస్తే అది సర్కసు వాళ్ల రైలు!

పైకి చూస్తే అంతా తళుకుబెళుకులు. లోపల మాత్రం పెద్దా చిన్నా తేడాలు మన వూళ్లలోకన్నా ఎక్కువ. ఆటగాళ్ల భోజనం బల్లలు వేరు, కూలీల బల్లలు వేరు. జీతాలివ్వడానికి డబ్బు లేకపోతే రాత్రిపూట కూలీలను నడుస్తున్న రైల్లోంచి కిందికి తోసేస్తారు. ఆ పేజీలు చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

రోజీ అనే ఏనుగుంది. చెప్పిన మాట వినదు, వొట్టి మొద్దు అని దాన్ని అంకుశంతో పొడిచి హింసిస్తారు. చివరికి తెలిసేదేమిటంటే, దానికి వచ్చిన భాష పోలిష్. ఆ భాషలో చెబితే అన్నీ చేస్తుంది. తెలివి లేనిది ఏనుగుకా, కొట్టినవాడికా? మన ఇళ్లల్లో, బళ్లల్లో కూడా భాష అర్థంకాని పిల్లల్ని మొద్దులనటం లేదూ?

నవలలో నాకు నచ్చనిదీ ఒకటుంది. గుర్రాల మీద ఆట కట్టే మార్లీనా భర్త చేత నానా అగచాట్లూ పడుతుంది. కానీ కథంతా ముసలివాడైపోయిన జేకబ్ చెప్పిందే. ఆవిడ మనసులో మాట ఆవిడ నోట మనకు వినపడదు.

సరే, అది అమెరికా సంగతి. మరి మన సంగతి? మన దేశంలో సర్కసుకి ఆద్యుడు విష్ణుపంత్ ఛత్రే అనే మహారాష్ట్రుడు. 1880లో ఆయన గ్రేట్ ఇండియన్ సర్కస్ పెట్టినప్పుడు ఆయన భార్య కూడా ఉయ్యాలల మీద విన్యాసాలు చేసింది. 1901లో కేరళలోని తలశ్శేరి దగ్గర కీలేరి కుంఞికణ్ణన్ గారు సర్కసు విద్యకి ఏకంగా ఒక బడే పెట్టారు. ఇక మన కోడి రామ్మూర్తి నాయుడుగారు! వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కసు కంపెనీ నడిపిన ‘కలియుగ భీముడు’. రొమ్ము మీద ఏనుగుని ఎక్కించుకోవటం, ఇనపగొలుసులు తెంచటం, కదిలే కార్లను ఆపటం ఆయన ప్రదర్శనలు. 1942లో పోయారు. విశాఖ సముద్రతీరాన ఆయన విగ్రహం వుంది, శ్రీకాకుళంలో ఆయన పేర స్టేడియం వుంది. వుండవలసిందే. అయితే ఆ ఏనుగుని తోలుకొచ్చిన మావటి ఎవరు? ఆ డేరా తాళ్లు లాగినవాళ్లెవరు? వాళ్ల పేర్లు ఎవరమూ ఎరగం.

సర్కసు అనే మాట రాకముందే మన పల్లెల్లో దొమ్మరాట వుంది. డోలు మోగుతుంటే ఆడపిల్ల నిలువెత్తు వెదురుగడ ఎక్కి, కొసన పొట్ట ఆనించి గిరగిరా తిరిగేది. ఆట లేని రోజుల్లో వాళ్లు కొయ్య దువ్వెనలు అమ్ముకునేవారు. అలా వూరూరా తిరిగి బతికే కులాలెన్నింటినో తెల్లదొరల ప్రభుత్వం 1871 నాటి చట్టంతో నేరస్థ జాతులని ముద్రవేసింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. మన కావలిలోనే అలాంటి సెటిల్మెంటు ఒకటి అమెరికన్ బాప్టిస్టు మిషను వారి చేతుల్లో నడిచింది. జేకబ్ రైలెక్కిన 1931లో ఇక్కడ ముద్రపడ్డవాళ్లు వూరు కదలాలంటే పోలీసులకి చెప్పుకోవలసిందే. ఆ చట్టం 1952లోగాని పోలేదు. చట్టం పోయింది సరే, చూపు పోయిందా?

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా వూరికి గడ ఎక్కే అమ్మాయి వచ్చింది. మా అక్క వయసే. ఆట అయ్యాక చెమటలు కారుతూ మా గుమ్మం ముందుకొచ్చి మంచినీళ్లడిగింది. మా అవ్వ చాలా దయగల మనిషి. అయినా అరుగెక్కవద్దని చెప్పి, పైనుంచి దోసిట్లోకి నీళ్లు పోసింది. పక్కింటి పిన్నమ్మ, ‘వాళ్ల ఆడవాళ్లకి సిగ్గేమిటి!’ అంది. ఆ అమ్మాయి వినే వుంటుంది. అప్పటిదాకా ఎగిరి చప్పట్లు కొట్టిన నేను ఏమీ అనలేదు. నవలలో కూలీల బల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ దోసిలి నా కళ్లముందు నిలిచింది.

మార్పులు రాలేదని కాదు. సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులను ఆడించరాదని 1998లో ప్రభుత్వం ప్రకటిస్తే, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2011లో పిల్లల్ని సర్కసుల్లో పెట్టరాదన్నది కూడా ఆ కోర్టే. మంచి పనులే. కానీ డేరా ఎత్తేసిన చోట్ల, చిన్నప్పట్నించీ తాడూ ఉయ్యాలా తప్ప మరొకటి నేర్వని ఆడవాళ్లు ఏం తిని బతుకుతున్నారు? ఆ మాట కూడా మనం అడగాలి కదండీ.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈసారి కూర్చోబెట్టుకుని అడగండి. వాళ్ల చిన్నతనంలో ఏ ఆటలు వచ్చేవి, ఆ ఆడేవాళ్లు ఎక్కడ దిగేవారు, ఎవరి ఇంట అన్నం తినేవారు అని. చెప్పింది ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. పుస్తకాలకెక్కని చరిత్ర కొంత మన అరుగుల మీదే వుంది. మళ్లీ ఎప్పుడైనా మీ వీధిలోకి తాడుమీద నడిచే పిల్ల వస్తే, చప్పట్లతో సరిపెట్టకండి. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, గ్లాసుతో నీళ్లివ్వండి.

సెలవు.