పాకాల నుంచి మేడారం దాకా

వరంగల్లుకు తూర్పున సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో పాకాల ఉన్నది. అలవాటు కొద్దీ చెరువు అంటున్నాము గాని, రెండు గుట్టల నడుమ ఏటికి అడ్డంగా మైలు పొడవున కట్ట పోసి, పదమూడు చదరపు మైళ్ల మేర నీటిని నిలిపిన దానిని ఆనకట్ట అనక మరేమనాలి? నాగార్జునసాగరం చూడటానికి సకుటుంబంగా బయలుదేరే మనం, దానికి ఏడు శతాబ్దాల ముందటి ఈ కట్టను వనభోజనాల చోటుగానే ఎరుగుదుము.

అమెరికాలోని మిత్రులు వంటిల్లూ పడకా ఉన్న బండిలో ఆనకట్టలూ ఉద్యానవనాలూ చుట్టివస్తారట. మాకు దొరికినది ఒక అద్దె జీపు, ఒక కిరసనాయిలు పొయ్యి. పాకాల, రామప్ప, లక్నవరం, మేడారం మూడు రోజులలో చూశాము.

పాకాల కాకతీయ గణపతిదేవుని కాలపు నిర్మాణం. తవ్వించినవాడు జగదాల ముమ్మడి అని శాసనం చెబుతుంది. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు, పక్కనే చెరువు. 2021లో గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. చెరువు కట్ట దాకా నడిచే యాత్రికులు మాత్రం కొద్దిమందే. సప్తసంతానాలలో దేవాలయంతో పాటు తటాకాన్నీ లెక్కించిన పెద్దలు మనకంటె వివేకులు.

చెరువు కట్టే విద్యను గురించి కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం ముచ్చటగా చెబుతుంది. అది 1369 నాటిది, విజయనగర రాకుమారుడు భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో ఉన్నాయి. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మెరక, నీటికి తగిన ఆయకట్టు లేకపోవడం, ఆయకట్టుకు తగిన నీరు లేకపోవడం - ఇవి దోషాలని ఏ ఇంజినీరైనా ఒప్పుకుంటాడు. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం కూడా దోషమే! నదీజలాల వివాదాలతో తలపండిన మనకు దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు. ఆ చెరువుకు దినానికి వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్లు పట్టాయట. వేయిమందిలో ఒక్కరి పేరైనా లేదు. పాకాలలోనూ అంతే.

ఇంకొక సంగతి. ఈ చెరువులు ఖాళీ నేలలో వెలసినవి కావు. తెలంగాణ మెట్ట ప్రాంతాలలో అడవి కొట్టి సాగు పెంచడానికి కాకతీయ సామంతులు వేసిన అడుగులివి. పాకాల చుట్టూ మాత్రం అడవే మళ్లీ గెలిచింది; 1952లో అది అభయారణ్యమయింది. కట్ట మీద నిలబడితే ఒక పక్క నీరు, దాని వెనుక దట్టమైన పచ్చదనం. ఇది తొలి అడవా, పొలం విడిచిన చోట పెరిగినదా అని మా జీపులో చాలాసేపు వాదన నడిచింది.

లక్నవరం దాటి మేడారం చేరేసరికి ఆ వాదనకు వేరే అర్థం తోచింది. అక్కడి ఐతిహ్యంలో కాకతీయులు చెరువుల రాజులు కారు. కరవు వచ్చి కప్పం కట్టలేని కోయలపైకి ప్రతాపరుద్రుడు సేన పంపాడని, సమ్మక్క, సారలమ్మ పోరాడారని, జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచాడని చెబుతారు. శాసనాలలో ఈ కథకు సాక్ష్యం దొరకదని కొట్టివేయడం తేలిక. శాసనం చెక్కించే స్తోమత ఎవరికి ఉండేదో కూడా ఆలోచించాలి. చెరువు కట్టించిన వంశాన్నే కరవులో కప్పం అడిగిన వంశంగా గుర్తుంచుకున్నవారు రెండేళ్లకొకసారి మాఘ పున్నమికి లక్షలుగా అక్కడికి వస్తారు. ఆ వాగును ఇప్పుడు జంపన్న వాగు అంటారు. మేము వెళ్లినప్పుడు అందులో మోకాలి లోతు నీరుంది.