చెవికి దొరికి చేతికి దొరకని జబ్బు

విశాఖ మల్కాపురంలో రిఫైనరీ హోరు రాత్రీపగలూ ఆగదు. పసిబిడ్డ ఎడమ కాలరెముక కింద స్టెతస్కోప్ పెట్టిన డాక్టరుకు ఒక్కోసారి అచ్చం అలాంటి ఎడతెగని మోతే వినబడుతుంది. మెషినరీ మర్మర్ అంటారు.

ఆ మోత దారి తప్పిన రక్తానిది. ధమనిలో జోరుగా వచ్చే రక్తం కేశనాళికల్లో నెమ్మదించి సిరలోకి చేరాలి. పుట్టుకతోనే ధమనికీ సిరకీ నేరుగా దారి పడితే ఆ జోరంతా సిర మీద పడుతుంది. అవయవానికి అందాల్సింది అందదు, గుండెకు చాకిరీ పెరుగుతుంది.

దీని ఆనవాలు మొదట దొరికింది మాత్రం వైద్యులు చేసిన గాయంలో. ప్రతి రోగానికీ మోచేతి దగ్గర సిర కోసి రక్తం తీసే రోజులవి. కత్తి ఒక్కోసారి సిరను దాటి కింది ధమనిలోనూ దిగేది. లండన్‌లో విలియం హంటర్ 1757లో అలాంటి చేతుల గురించి రాశాడు: వేలు ఆనిస్తే అదురు, చెవి ఆనిస్తే బుస. 1875లో నికొలడోని, 1890లో బ్రాన్‌హామ్ మరో సంగతి గమనించారు. ఆ దారిని వేలితో నొక్కిపెడితే నాడి నెమ్మదిస్తుంది. ఖర్చులేని పరీక్ష, ఇప్పటికీ పనికొస్తుంది.

వినడం వచ్చింది, బాగుచేయడం రాలేదు. అది వచ్చింది ఈ జబ్బుకు దాయాదిలాంటి లోపంతో. కడుపులోని బిడ్డకు ఊపిరితిత్తులతో పనిలేదు కాబట్టి బృహద్ధమనికీ పుపుస ధమనికీ మధ్య డక్టస్ అనే గొట్టం ఉంటుంది. పుపుస ధమని పేరుకు ధమనే గానీ మోసేది సిరల నుంచి వచ్చిన చెడురక్తమే. పుట్టిన కొద్దిరోజుల్లో మూసుకోవాల్సిన ఆ గొట్టం కొందరిలో మూసుకోదు. మొదట్లో చెప్పిన మెషినరీ మోత దానిదే; ఆ మోతను ఎడిన్‌బరోలో గిబ్సన్ 1900లో వివరంగా వర్ణించాడు. 1938 ఆగస్టు 26న బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్, పైఅధికారి ఊళ్లో లేని సమయం చూసుకుని, ఏడేళ్ల పాపకు దాన్ని దారంతో కట్టేశాడు. పాప బతికింది. ఆ సాహసం బెడిసికొట్టి ఉంటే ఆయన ఉద్యోగం పోయేదేమో!

1967లో బెర్లిన్‌లో పోర్స్ట్‌మన్ ఛాతీ కోయకుండా, తొడ రక్తనాళం గుండా బిరడా పంపి ఆ గొట్టాన్ని మూశాడు. మెదడులో గేలెన్ సిరకు వచ్చే అరుదైన లోపానికీ ఈ దారే పనికొచ్చింది. కత్తి పెడితే చాలామంది బిడ్డలు దక్కేవారు కాదు. పారిస్‌లో లాజోనియాస్ జిగురు పంపి ధమనుల నోళ్లు మూయడం నేర్పాడు.

మనకు ఇవన్నీ మెల్లగా చేరాయి. విశాఖలో వైద్య కళాశాల 1923లోనే వచ్చినా, గుండె ఆపరేషన్ అంటే చాలాకాలం రాయవేలూరు రైలెక్కడమే. అక్కడ రీవ్ బెట్స్ 1949లో ఛాతీ శస్త్రచికిత్స విభాగం పెట్టాడు; 1961లో గోపీనాథ్ గుండె తెరిచి ఆపరేషన్ చేశారు. 1991లో పుట్టపర్తిలో ఉచిత సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి తెరిచారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలివిడత మూడు జిల్లాల్లో మనకు దగ్గరి శ్రీకాకుళం ఒకటి.

డబ్బు సంగతి అలా కొంత తేలింది. కానీ బడికీ అంగన్‌వాడీకీ వెళ్లి పిల్లల గుండెలు వినే జాతీయ కార్యక్రమం 2013లో గానీ రాలేదు. ముందు రావలసింది అదేనని నా అభిప్రాయం. రెండున్నర శతాబ్దాల కిందటే చెవికి దొరికిన జబ్బుకు చెవి పెట్టే మనిషిని మనం అందరికన్నా ఆఖర్న పంపాం.