గుమ్మం ముందు గరిక

కిందటేడు మా అమ్మ డల్లాస్ దగ్గర మా చెల్లెలి ఇంట్లో ఆరు నెలలు ఉండి వచ్చింది. అమలాపురం పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, చేతులు ఊరుకోవు కదా! అక్కడి తెలుగువాళ్ళ దగ్గర దొరికిన గోంగూర మొక్కలు తెచ్చి, ఎండ బాగా పడుతోందని ఇంటి ముందు రెండు వరసలు వేసింది. మొక్కలు మోకాలెత్తు వచ్చేసరికి ఒక ఉత్తరం వచ్చింది. గడ్డి ఉండాల్సిన ఎత్తు దాటింది, ముందు భాగంలో కూరగాయలు కనబడుతున్నాయి, పది రోజుల్లో సరిచేయండి, లేకపోతే జరిమానా అని. కింద ఫొటో కూడా జతచేశారు.

"మనింటి ఫొటో తీసి మనకే పంపడం ఏవిటే? ఇది అద్దె ఇల్లా?" అంది అమ్మ.

"సొంతిల్లేనమ్మా. ముందున్న గడ్డి మాత్రం కాలనీ అందరిదీ అనుకో" అంది చెల్లి.

గోంగూర అమ్మే పీకేసింది. పచ్చడి చేసింది కానీ తను వేసుకోలేదట. రెండ్రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదని చెల్లి ఫోన్లో చెబుతుంటే నాకు మనసంతా అదోలా అయింది. అసలు ఈ గడ్డి గోల ఎక్కడ మొదలైందో చూద్దామని కూర్చున్నాను. నేను చదివింది బి.ఏ. తెలుగు. ప్రబంధాల్లో ఉద్యానవనాలు బోలెడు చూశాను. మామిళ్ళు, మల్లెపొదలు, కొలనులు ఉంటాయి కానీ, తినడానికీ మేపడానికీ కాకుండా గడ్డిని గడ్డిగానే పెంచుకున్న రాజు ఒక్కడూ తగల్లేదు.

ఆ సరదా యూరప్ జమీందార్లది. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పెద్ద పెద్ద భవంతుల ముందు కనుచూపు మేర పచ్చిక పరిచేవారు. ఇంత నేల ఉండి కూడా పండించుకోవలసిన అవసరం లేదు నాకు అని చెప్పుకోవడమే అందులోని దర్జా. కొడవళ్ళు పట్టే కూలీలూ గొర్రెలూ ఉన్నవాడికే అది సాధ్యం. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన గడ్డి కోసే మిషన్ కనిపెట్టాక పరిస్థితి మారింది. బట్టల మిల్లులో ఉన్ని గుడ్డ మీద లేచిన నూగును కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. దాంతో మధ్యతరగతి వాళ్ళకీ పచ్చిక అందింది. గొర్రెల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ప్రెసిడెంటు విల్సన్ వైట్‌హౌస్ పచ్చికలో గొర్రెల మందనే మేపించి, ఆ ఉన్ని వేలం వేసి రెడ్‌క్రాస్‌కి ఇప్పించాడు. అప్పుడు ఉత్తరం ఎవరూ పంపలేదు కాబోలు!

1870లో ఫ్రాంక్ స్కాట్ అనే అమెరికన్ ఇళ్ళ ముందు తోటల గురించి ఒక పుస్తకం రాశాడు. ఇంటి ముందు అందం పక్కవాళ్ళ కంటికి కనబడకుండా దడి కట్టుకోవడం ధర్మం కాదని అందులో వాదించాడు. మన కోనసీమలో దడి లేని దొడ్డి ఉంటుందా? కొబ్బరాకు దడి పాతబడితే కొత్తది కట్టించమని ఇంట్లో గొడవ పెట్టేది మనమే. అక్కడ ఇళ్ళ ముందు దడి లేకుండా అందరి గడ్డీ కలిసి ఒకే తివాచీలా ఉండాలన్న ఆలోచన ఊరూరా పాకింది. ఒక ఇంట్లో గడ్డి పెరిగితే వీధంతటికీ మచ్చ అన్నమాట కూడా దాంతోనే వచ్చింది.

దాన్ని కాగితం మీద పెట్టినవాళ్ళలో పేరు మోసింది లెవిట్ కంపెనీ. 1947లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో బంగాళదుంప పొలాలు కొని, నాలుగైదేళ్ళలో 17 వేల పైచిలుకు ఇళ్ళు కట్టేసింది. ఊరి పేరే లెవిట్‌టౌన్. ఏప్రిల్ 15 నుంచి నవంబరు 15 దాకా వారానికి ఒక్కసారైనా గడ్డి కోయాలని అక్కడి ఒప్పందంలో రాసుకున్నారు. దడి కట్టకూడదు. బట్టలు తీగ మీద ఆరేయకూడదు, మడతపెట్టే స్టాండు మీదే ఆరేయాలి, అదీ శని ఆదివారాల్లో కాదు. అది చదివి నేను నవ్వాను. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి బట్టలుతికే తీరిక ఆ రెండు రోజులేగా!

ఆ తర్వాతి షరతు దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. తెల్లజాతి వాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ ఇళ్ళలో ఉండకూడదు. ఇంట్లో పనిమనుషులకు మాత్రం మినహాయింపు. గడ్డి కోయమన్న కాగితంలోనే ఇదీ ఉంది. అంతకుముందే కాన్సస్ సిటీలో నికోల్స్ అనే వ్యాపారి కట్టిన కాలనీల్లో ఇంటి యజమానుల సంఘాలు పుట్టాయి. వాటికీ ఇదే నియమం. వీధి శుభ్రంగా ఉంచుకోవడం, వీధిలోకి ఎవరిని రానివ్వాలో తేల్చుకోవడం వాళ్ళ దృష్టిలో ఒకే పని. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళ కిందికి రారని, పౌరసత్వానికి పనికిరారని తేల్చింది. 1946లో చట్టం మారింది కానీ ఏడాదికి మనవాళ్ళు వందమందికే చోటు. 1948లో అలాంటి జాతి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇళ్ళ విషయంలో జాతి వివక్ష చట్టరీత్యా నేరమైంది మాత్రం 1968లో. మనవాళ్ళకు తలుపులు తెరిచిన వలస చట్టం 1965ది. మా చెల్లి ఇల్లు ఎంత దూరం నడిచి వచ్చిన ఇల్లో అప్పుడర్థమైంది నాకు. గడ్డి నియమం ఉండిపోయింది, దాని తోబుట్టువు పోయింది.

ఇప్పుడిప్పుడే గడ్డి నియమం కూడా కాస్త సడలుతోంది. అమెరికాలో పచ్చిక మొత్తం కలిపితే 1,28,000 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుందని 2005లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. మన ఆంధ్రప్రదేశ్ 1,60,000 పైచిలుకు. అంత నేలకి నీళ్ళు పోసి, ఎరువేసి, కోసి పారేయడం! కరువు చూసిన టెక్సాస్ 2013లో, నీళ్ళు తక్కువ తాగే మొక్కలు వేసుకునేవాళ్ళకి సంఘాలు అడ్డుపడకూడదని చట్టం చేసింది. 2021లో మేరీలాండ్ కూడా గడ్డే పెంచమని బలవంతపెట్టకూడదంది. గుమ్మానికి దేవుడి గుర్తులు పెట్టుకోవడానికి టెక్సాస్ 2011లోనే చట్టంలో చోటిచ్చింది. మామిడాకుల తోరణం గురించి చెల్లి భయపడుతుంటే ఆ సంగతి నేనే చెప్పాను.

అయితే మనకి నియమాలు లేవా అంటే, ఉన్నాయి. తెల్లారేసరికి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి ముగ్గేయకపోతే మా వీధిలో ఉత్తరం రాదు. ఎదురింటి పిన్నిగారే వచ్చి "ఒంట్లో బాలేదేవిటమ్మా?" అని అడుగుతారు. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఆ ప్రశ్నకి నేనెంత భయపడేదాన్నో! ఉత్తరమే నయం, ఎవరి మొహమూ చూడక్కర్లేదు అనిపిస్తుంది ఒక్కోసారి. కానీ మా పిన్నిగారు నిజంగా జ్వరమొచ్చిన రోజున చారు కూడా పట్టుకొచ్చారు.

వినాయక చవితి ముందు అమ్మ వీడియోలో ఫోన్ చేసింది. చేతిలో ఏదో పట్టుకుని "ఇది చూడవే, ఇదేవిటో చెప్పు" అంది. మూడు మొలకలుగా చీలిన చివర, కణుపు కణుపుకీ వేరు. గరిక! నాకు అనుమానమొచ్చి వెతికాను. అక్కడివాళ్ళు బెర్ముడా గడ్డి అని పిలిచేదీ, మనం దూర్వాలంటూ అయినవిల్లి వినాయకుడికి సమర్పించేదీ, మన రైతులు వరిగట్ల మీద తిట్టుకుంటూ పీకేదీ ఒకటే మొక్క. దాని పుట్టిల్లు అమెరికా కాదు, మన వైపు ఖండాలే. ఎండకి చావదు, తొక్కినా లేస్తుంది కాబట్టి వేడి రాష్ట్రాల్లో ఇళ్ళ ముందు దాన్నే పరిచారు.

"నా గోంగూర పీకించి గరిక పెంచుతున్నారన్నమాట" అంది అమ్మ. కోపంగా కాదు.

మర్నాడు గడ్డి కోసేవాళ్ళు వస్తారని చెల్లి చెప్పింది. ఆ సాయంత్రం అమ్మ గుమ్మం ముందు పీట వేసుకుని, చీకటి పడేదాకా లేత చివరలు చూసి ఒక్కొక్కటే తుంచింది. కుక్కతో షికారుకెళుతున్న ఒకావిడ ఆగి, కలుపు తీస్తోందనుకుని కాబోలు, బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్ళిందట. అమ్మ కూడా నవ్వి చెయ్యి ఊపి, తుంచిన గరికంతా తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టించింది.